సర్కారు తాళం, షావుకారు తాళం

బాండు అనగానే మన సాఫ్టువేరు జీవులకి రెండే గుర్తొస్తాయి. ఒకటి జేమ్స్ బాండు. రెండోది, కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ కుర్రాళ్ళ చేత కంపెనీలు రాయించుకునే కాగితం - రెండేళ్ళ లోపు మానేస్తే ఇంత కట్టి పోవాలని. మూడో బాండు ఇంకోటుంది. దాని గురించి మనవాళ్ళెవరూ పెద్దగా మాట్లాడుకోరు గానీ, 2016కి ముందు హైదరాబాదులో కోడు రాసిన వాళ్ళలో చాలామంది ఆ బాండు లోపల కూచునే రాశారు. లోపల అంటే మాటవరసకి కాదు, అక్షరాలా లోపలే. వాళ్ళ ఆఫీసు, చట్టం దృష్టిలో, కస్టమ్స్ వాళ్ళ అదుపులో ఉన్న ఒక గిడ్డంగి.

ఆ గిడ్డంగి కథే ఈ టపా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

అన్నట్టు, గిడ్డంగి అనే మాట మనదే. ఇంగ్లీషువాళ్ళు గోడౌన్ అంటారే, అది మలయ్ భాష నుంచి వాళ్ళకి అబ్బిందనీ, మలయ్ వాళ్ళకి బహుశా తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు నుంచి వెళ్ళి ఉంటుందనీ నిఘంటువుల వాళ్ళు రాస్తారు. అంటే మన మాటే సముద్రం మీద తిరిగి తిరిగి గోదాముగా మళ్ళీ మన దగ్గరికే వచ్చిందన్నమాట. అదలా ఉంచండి.

విదేశం నుంచి మీరో సరుకు తెప్పించుకున్నారనుకోండి. విలువ కోటి రూపాయలు, దాని మీద సుంకం పాతిక లక్షలు అనుకుందాం. సుంకం కడితేగానీ సరుకు రేవు దాటదు. కానీ ఆ సరుకు అమ్ముడుపోవడానికి ఆర్నెల్లు పడుతుంది. సగం ఇక్కడ అమ్మొచ్చు, సగం శ్రీలంకకో దుబాయికో పంపెయ్యాల్సి రావొచ్చు. ఇక్కడ వాడని సరుక్కి ఇక్కడి సుంకం ఎందుకు కట్టాలి? వాడబోయే సగానికైనా, అమ్ముకోకముందే జేబులోంచి తీసి ఎందుకు కట్టాలి?

దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి - ముందు మొత్తం కట్టు, బయటి దేశానికి పంపితే తిరిగిస్తాం. దీన్నే డ్రాబ్యాక్ అంటారు. (ఇంగ్లీషులో ఆ మాటకి 'లోపం' అనే అర్థం కూడా ఉంది. తిరిగి రావాల్సిన డబ్బు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఆ రెండో అర్థమే ముందు తడుతుంది.) రెండోది - ఇప్పుడేం కట్టక్కర్లేదు, సరుకుని మేం గుర్తించిన గిడ్డంగిలో పెట్టు, అక్కణ్ణుంచి బయటికి తీసిన రోజు, తీసినంత సరుక్కే కట్టు. ఆర్నెల్లకోసారి పది పెట్టెలు తీస్తే పది పెట్టెలకే సుంకం. దేశం దాటిస్తే సుంకమే లేదు.

మన భాషలో చెప్పాలంటే ఇది లేజీ ఎవాల్యుయేషన్. విలువ అవసరపడినప్పుడే లెక్క కట్టడం, అవసరపడకపోతే అసలు కట్టకపోవడం. ఇందులో సుంకం ఒక్క పైసా తగ్గదు. తగ్గించేది సుంకాన్ని కాదు, వాయిదా వేసేది దాని వేళని. అందుకే దీన్ని రాయితీ అంటే నాకు నచ్చదు. ఇది అరువు. అరువన్నాక నమ్మకం కావాలి. నమ్మకం లేనిచోట తాళం కావాలి. ఈ కథంతా ఆ తాళం ఎవరి చేతిలో ఉండాలనే గొడవే.

మన దేశంలో ఇప్పుడున్నది 1962 నాటి కస్టమ్స్ చట్టం, అందులో తొమ్మిదో అధ్యాయం. సరుకు గిడ్డంగిలో పెట్టేవాడు బాండు రాసివ్వాలి. ఎంతకి? పడే సుంకానికి మూడు రెట్లకి. మన ఉదాహరణలో పాతిక లక్షల బాకీకి డెబ్భై ఐదు లక్షల బాండు. (2016 దాకా రెండింతలే ఉండేది. ఎందుకు పెంచారో కాసేపట్లో తెలుస్తుంది.) మామూలు సరుకైతే ఏడాది ఉంచుకోవచ్చు, అడిగితే పొడిగిస్తారు. కానీ 90 రోజులు దాటాక సుంకం మీద వడ్డీ మొదలు. లోపల ఉండగానే ఆ సరుకుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు, ఒక బాండు గిడ్డంగి నుంచి ఇంకో బాండు గిడ్డంగికి తరలించుకోవచ్చు. అనుమతి తీసుకుంటే లోపలే దాంతో వస్తువులు తయారు కూడా చేసుకోవచ్చు. ఈ ఆఖరి వాక్యాన్ని గుర్తు పెట్టుకోండి, హైదరాబాదుతో పని దాని దగ్గరే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. సుంకం రేటు ఏ రోజుది? సరుకు దిగిన రోజుది కాదు, బయటికి తీయడానికి కాగితం దాఖలు చేసిన రోజుది. వంటనూనెల వాళ్ళనడగండి. మన కాకినాడ రేవుకి ముడి పామాయిలు ఓడల మీద వస్తుంది, పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి ఎక్కుతుంది. 2024 సెప్టెంబరు 14న ముడి పామాయిలు మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి ఎగిరింది. ముందు రోజు దాకా బాండులో నిద్రపోతున్న నూనె ఎవరిదైనా ఉంటే, తెల్లారేసరికి దాని మీద బాకీ అయిదింతలైనట్టు. మళ్ళీ 2025 మే 30న అది 16.5కి దిగింది. అప్పటిదాకా తీయకుండా ఆగినవాడు నవ్వుకుని ఉంటాడు, వడ్డీ పోనూ. కాబట్టి బాండు గిడ్డంగి అంటే సరుకు దాచే చోటే కాదు, ఢిల్లీ మీద పందెం కాసే చోటు కూడా.

మరీ తెలివిగా గడువు దాటేదాకా సరుకుని లోపలే వదిలేస్తే? దీని మీద 1996లో సుప్రీంకోర్టు తీర్పుంది, కేశోరాం రేయాన్ కేసులో. గడువు దాటినా, పొడిగింపు తెచ్చుకోకుండా లోపలే ఉన్న సరుకుని అక్రమంగా బయటికి తీసినట్టే లెక్క వెయ్యమంది కోర్టు. రేటు గడువు ముగిసిన రోజుది. పెట్టె కదల్లేదు, తాళం తియ్యలేదు, కానీ చట్టం ప్రకారం సరుకు బయటికెళ్ళిపోయింది! మొదటిసారి చదివినప్పుడు ఇదేం వితండవాదంరా బాబూ అనిపించింది. ఆలోచిస్తే ఇంకో దారి లేదు. గడువు లేని అరువు అరువు కాదు కదా.

సరే, ఈ ఆలోచన మొదట ఎవరికి తట్టింది? ఇంగ్లండు కథలోకి వెళ్తే అక్కడ తాళం పడ్డ తొలి సరుకుల్లో మన బట్టలున్నాయి.

పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లండు జనానికి ఇండియా అద్దకం బట్టల పిచ్చి పట్టుకుంది. మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరమంతా ఆ బట్టలకి పేరు మోసిన చోటు. ఈస్టిండియా కంపెనీ 1611 నుంచే మచిలీపట్నంలో కొట్టు పెట్టుకుని ఉంది. అక్కడి ఉన్నివాళ్ళూ పట్టువాళ్ళూ లబోదిబోమన్నారు. పార్లమెంటు 1700లో ఒక చట్టం చేసింది, 1701 సెప్టెంబరు 29 నుంచి అమలు. ఇండియా, పర్షియా, చైనాల నుంచి వచ్చే అద్దకం, రంగుల నూలు బట్టలూ పట్టు బట్టలూ ఇంగ్లండులో ఎవరూ కట్టకూడదు. మరి కంపెనీ లాభం? తెచ్చుకోవచ్చు, కానీ కస్టమ్స్ వాళ్ళు చూపించిన గిడ్డంగిలో తాళమేసి ఉంచి, మళ్ళీ విదేశాలకే పంపెయ్యాలి. మన కలంకారీలు లండను దాకా వెళ్ళి, లండను వీధి చూడకుండా, చీకట్లో కూచుని వేరే ఓడెక్కాయి. 1721లో ఇంకా బిగించి, ఇంగ్లండులోనే అద్దిన నూలు బట్టల మీద కూడా నిషేధం పెట్టారు. ఇది సుంకం వాయిదా కాదు, నిషేధం. కానీ 'దేశంలో ఉంది, దేశంలోకి రాలేదు' అనే విచిత్రమైన స్థితి మాత్రం ఇక్కడే కనిపిస్తుంది. బాండు గిడ్డంగికి ప్రాణం ఆ స్థితే.

దాన్ని సుంకం వసూలుకి వాడుకోవాలనుకున్నవాడు రాబర్ట్ వాల్పోల్. బ్రిటన్ మొదటి ప్రధానిగా చరిత్రకారులు లెక్కపెట్టే మనిషి. 1723లో టీ, కాఫీ, కోకోలకి ఈ పద్ధతి పెట్టాడు - రేవులో కొంచెం సుంకం, మిగతాది గిడ్డంగిలోంచి ఊళ్ళో అమ్మకానికి తీసేటప్పుడు. బాగా నడిచింది. ఆ ధైర్యంతో పదేళ్ళ తర్వాత పొగాకు, వైను మీద పడ్డాడు. పొగాకంటే మాటలు కాదు. వర్జీనియా, మేరీలాండుల నుంచి వచ్చేది, అందులో ఎక్కువ భాగం మళ్ళీ యూరపు దేశాలకి పోయేది. పోయేటప్పుడు డ్రాబ్యాక్. అక్కడే ఉంది మోసమంతా. దిగేటప్పుడు తూకం వేసేవాడికి చెయ్యి తడిపి తక్కువ రాయించడం, ఎక్కేటప్పుడు ఎక్కువ రాయించడం. కట్టింది తక్కువ, తిరిగొచ్చింది ఎక్కువ. ఓడ ఎక్కించినట్టే ఎక్కించి, చాటుగా ఒడ్డుకి దించేసుకోవడం. నావికులూ హమాలీలూ చొక్కాల్లో దోపుకుపోయేది ఇది కాక.

వాల్పోల్ 1733 మార్చి 14న పార్లమెంటులో పెట్టిన ఉపాయం చాలా సులువైంది. పొగాకు దిగగానే గిడ్డంగికి పోవాలి. గిడ్డంగికి రెండు తాళాలు. ఒక తాళంచెవి వ్యాపారి దగ్గర, ఇంకోటి సర్కారు మనిషి దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. ఊళ్ళో అమ్మకానికి తీస్తే సుంకం, విదేశానికైతే అక్కర్లేదు. కట్టడమే లేదు కాబట్టి తిరిగివ్వడమూ లేదు, డ్రాబ్యాక్ మోసం దానంతటదే చచ్చిపోతుంది. లండను ప్రపంచానికంతా సంతగా మారుతుందని ఆయన ఊహ.

దేశం భగ్గుమంది. బానిసత్వం వద్దు, ఎక్సైజు వద్దు, చెక్క బూట్లు వద్దు అని ఊరూరా నినాదాలు. (చెక్క బూట్లంటే ఫ్రాన్సులో పన్నులతో చితికిపోయిన బీదరైతుల బూట్లు. ఫ్రాన్సంటే వాళ్ళకి రాజుగారి ఇష్టారాజ్యానికి గుర్తు.) వాల్పోల్ బొమ్మలు తగలబెట్టారు, పార్లమెంటు బయట ఆయన్ని మూక చుట్టుముట్టింది. సభలో మొదట 61 ఓట్ల ఆధిక్యం వచ్చింది, నాలుగు వారాల్లో అది 17కి పడిపోయింది. ఏప్రిల్ 11న బిల్లుని అటకెక్కించాడు. ఆ రాత్రి లండనులో దీపాలు పెట్టి పండగ చేసుకున్నారు. పన్ను తగ్గినందుకు కాదు సుమా, పన్ను కట్టే వేళ మారనందుకు!

దీన్ని చదివినవాళ్ళంతా వాల్పోల్ దూరదృష్టి, జనం మూర్ఖత్వం అని తేల్చేస్తారు. నలభై మూడేళ్ళ తర్వాత ఆడమ్ స్మిత్ కూడా ఇంచుమించు అదే అన్నాడు. ముఠా రాజకీయాలూ, దొంగ సరుకు వ్యాపారుల స్వార్థమూ కలిసి మంచి పథకాన్ని చంపేశాయని ఆయన బాధ. (ఆ స్మిత్ గారే 1778లో స్కాట్లండులో కస్టమ్స్ కమిషనరయ్యాడు. ఉద్యోగంలో చేరాక నిషేధించిన సరుకుల జాబితా చదివి, తన బీరువా తీసి చూసుకుంటే కట్టుకునే గుడ్డల్లో చాలా భాగం దొంగ సరుకే అని తేలింది. తగలబెట్టేశానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. స్వేచ్ఛా వ్యాపారానికి ఇంతకన్నా మంచి వాదన ఆయన పుస్తకంలో కూడా లేదు.)

నా మట్టుకు నాకు ఆ జనం అంత వెర్రివాళ్ళుగా కనబడరు. వాళ్ళు భయపడింది గిడ్డంగి గురించి కాదు, గిడ్డంగి దాటాక జరిగేదాని గురించి. వాల్పోల్ పద్ధతిలో పొగాకు గిడ్డంగి దాటాక కూడా సర్కారు దాని వెంటే నడుస్తుంది. అంగడికి చేరాక ఎక్సైజు ఆఫీసరు ఎప్పుడైనా వచ్చి సరుకు లెక్క చూడొచ్చు. తప్పు కనబడితే విచారించేది ఆ శాఖ కమిషనర్లో, మేజిస్ట్రేట్లో. జ్యూరీ ఉండదు. చాలామంది చిన్న వర్తకులకి కింద అంగడి, వెనకో పైనో ఇల్లు. మీ ఇళ్ళ జోలికి రాం అని వాల్పోల్ చెప్పాడు నిజమే. అంగడికీ ఇంటికీ మధ్య ఒక్క తలుపే ఉన్నప్పుడు ఆ మాట ఎవడు నమ్ముతాడు? ఇరవై ఏళ్ళ తర్వాత శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఎక్సైజు అనే మాటకి అర్థం రాస్తూ అర్థంతో పాటు తిట్లు కూడా రాశాడంటే, ఆ కోపం ఏ స్థాయిదో చూడండి.

ఓడిపోయిన ఆలోచన డెబ్భై ఏళ్ళకి నెగ్గింది, మామూలుగా వేరే కారణంతో. 1790ల నాటికి లండను రేవు కిక్కిరిసిపోయింది. సుంకం పడే సరుకుని దించడానికి చట్టం ఒప్పుకున్న ఒడ్డు సుమారు 1400 అడుగులు మాత్రమే, అదీ పదహారో శతాబ్దంలో ఎలిజబెత్ రాణి కాలంలో గీసిన గీత. ఓడలు వారాల తరబడి నదిలో ఆగేవి. సరుకు పడవల మీద, ఒడ్డు మీద ఆరుబయట పడుండేది. దొంగలకి పండగే పండగ. 1798లో నది మీద కాపలాకి ప్రత్యేకంగా పోలీసులని పెట్టారంటే ఊహించుకోండి. ఆ దొంగతనాల దెబ్బకి పంచదార వ్యాపారులే చందాలేసుకుని సొంత రేవు కట్టుకున్నారు. 1802 ఆగస్టులో వెస్ట్ ఇండియా డాక్స్ తెరిచారు. చుట్టూ ఇరవై అడుగుల గోడ. లోపల వరసగా గిడ్డంగులు. మరుసటి ఏడాది, 1803లో, పార్లమెంటు గిడ్డంగుల చట్టం చేసింది. ఇలాంటి రేవుల్లో పెట్టిన సరుక్కి సుంకం బయటికి తీసేటప్పుడే కట్టొచ్చు. 1805లో లండన్ డాక్స్ వచ్చాయి, పొగాకుకీ వైనుకీ. అంటే వాల్పోల్ అడిగిన రెండు సరుకులకే!

ఈసారి గొడవ ఎందుకు జరగలేదు? నా లెక్క ఇది. వాల్పోల్ తాళం వర్తకుడి అంగడి దాకా వచ్చింది, 1803 తాళం రేవు గోడ దగ్గరే ఆగిపోయింది. గోడ లోపల సర్కారు ఎంత తనిఖీ చేసుకున్నా బయట మనిషి మనిషే. పైగా ఇది బలవంతం కాదు. కావాలంటే గిడ్డంగిలో పెట్టు, లేదంటే సుంకం కట్టి ఇంటికి తీసుకుపో. అసలు ఇరవై అడుగుల గోడ దొంగల కోసం కడితే, అది సుంకం వాళ్ళకి కూడా పనికొచ్చింది. ఒక అవసరానికి రాసిన మాడ్యూలు ఇంకో అవసరానికి అతికినట్టు సరిపోవడం మనకి తెలియంది కాదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ గోడల మధ్య భద్రంగా దాచిన పంచదార కరీబియను దీవుల్లో బానిసలు పండించింది. రేవు కట్టించిన వ్యాపారుల్లో ముఖ్యుడు రాబర్ట్ మిల్లిగన్, జమైకాలో బానిస తోటలున్నవాడు. దొంగతనం గురించి అంత కంగారు పడ్డ ఈ పెద్దమనుషులు, మనుషుల్నే దొంగిలించిన సరుకుని కాపాడుకోడానికి ఆ గోడ కట్టారు. ఆ గిడ్డంగుల్లో మిగిలిన ఒకదాంట్లో ఇప్పుడు లండను డాక్‌లాండ్స్ మ్యూజియం ఉంది. దాని ముందున్న మిల్లిగన్ విగ్రహాన్ని 2020 జూన్‌లో తీసేశారు. పక్కనే కెనరీ వార్ఫ్, బ్యాంకుల మేడలు. ఆ బ్యాంకుల ప్రాజెక్టుల మీద మనవాళ్ళెందరో పని చేశారు, చేస్తున్నారు.

లండను చేసింది మిగతావాళ్ళూ చేశారు. అమెరికాలో సుంకాల మీద వ్యాపారులకి మామూలుగా అరువు దొరికేది, 1842లో రొక్కం కట్టాల్సిందేనన్నారు. వ్యాపారులు గిలగిల్లాడారు, 1846లో గిడ్డంగుల చట్టం వచ్చింది. మన దగ్గర 1838లోనే కలకత్తాలో బెంగాల్ బాండెడ్ వేర్‌హౌస్ అసోసియేషన్ అనే సంస్థకి ప్రత్యేకంగా చట్టం చేశారు. తర్వాత 1878 నాటి సముద్ర సుంకాల చట్టం, ఆ తర్వాత ఇందాక చెప్పిన 1962 చట్టం. అందులో 62వ సెక్షను చూస్తే వాల్పోల్ బతికొచ్చినట్టు ఉండేది - గిడ్డంగికి కస్టమ్స్ శాఖ తాళం వెయ్యొచ్చు, దాన్ని ఎవరూ తియ్యకూడదు, పగలగొట్టకూడదు.

ఇప్పుడు హైదరాబాదుకి రండి.

ఎనభైల మొదట్లో మన దేశంలో విదేశీ కంప్యూటరు మీద సుంకం వంద శాతం దాటి ఉండేది. లక్ష రూపాయల పెట్టెకి లక్ష పైన సుంకం. ఇంకోపక్క ఎగుమతులు పెంచాలి. ఎగుమతి కోసమే పనిచేసే ఫ్యాక్టరీలకి సుంకం లేకుండా యంత్రాలు, ముడిసరుకు ఇచ్చే పథకం 1980 చివర్లో పెట్టారు. సుంకం లేకుండా ఇవ్వడం అంటే ఎలా? చట్టంలో చేతికందిన పనిముట్టు ఒక్కటే - బాండు గిడ్డంగి, లోపల తయారీకి అనుమతి. ఫ్యాక్టరీ మొత్తాన్నే గిడ్డంగి అనుకోండి. యంత్రం లోపలికొచ్చింది, కానీ దేశంలోకి రాలేదు. లోపల తయారైంది బయటి దేశానికి పోయింది. సుంకం సంగతి ఎక్కడా రాలేదు. చొక్కాలు కుట్టేవాడికి ఇది చక్కగా సరిపోతుంది.

1991లో సాఫ్టువేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ పెట్టినప్పుడు ఇదే అచ్చుని తెచ్చి మన మీద పోశారు. కంపెనీ రిజిస్టరు చేసుకున్న ఆఫీసు ప్రైవేటు బాండెడ్ వేర్‌హౌస్. సర్వర్లు, రౌటర్లు, యూపీయస్‌లు బాండులో ఉన్న సరుకు. మనం 58, 65 సెక్షన్ల కింద గిడ్డంగిలో తయారీ చేస్తున్న పనివాళ్ళం. తయారయ్యేదేమిటి? కోడు. అది ఎలా పోతుంది? ఉపగ్రహం మీదుగా, తర్వాత సముద్రపు కేబుళ్ళ మీదుగా. దాన్ని ఏ కస్టమ్స్ ఆఫీసరూ చూడలేడు, తూకం వెయ్యలేడు. దాని లెక్క సాఫ్టెక్స్ అనే ఫారంలో కంపెనీ రాసిస్తే అదే లెక్క. అంటే దేశానికి డాలర్లు తెచ్చే సరుకు గాల్లో స్వేచ్ఛగా ఎగిరిపోతుంటే, తాళం మాత్రం మానిటర్లకి కాపలా కాసింది. ఏళ్ళ తరబడి ఇందులో ఎవరికీ నవ్వు రాకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

నేను రెండువేల తొలినాళ్ళలో పనిచేసిన ఒక కంపెనీ (పేరెందుకు లెండి) రెండు భవనాల్లో ఉండేది, మధ్యలో రోడ్డు. ఒకసారి టెస్టింగు టీముని అటు మార్చారు. మనుషులు పది నిమిషాల్లో రోడ్డు దాటారు. వాళ్ళ సర్వరు మూడు వారాలు దాటలేదు. ఊరికే ఒక తోపుడు బండి మీద పెట్టి లాక్కుపోదామని మేం సిద్ధమైతే, అడ్మిన్ అతను చేతులు అడ్డం పెట్టాడు. "బాండ్ మాల్ సార్ అది! గేటు దాటితే నా నౌకరీ పోతది" అన్నాడు. పెట్టె వెనక చీటీ మీద నంబరుండేది, ఆ నంబరు రిజిస్టర్లో ఉండేది, రిజిస్టరు మీద ఆఫీసరు సంతకం ఉండేది. చివరికి ప్రాజెక్టు ఆగిపోతోందని సికింద్రాబాదు బజార్లో అన్ని పన్నులూ కట్టిన మెషీను ఒకటి కొనుక్కొచ్చారు. ఆదా చేసిన సుంకం ఎంతో, పోయిన మూడు వారాల ఖరీదెంతో ఎవరూ లెక్క వెయ్యలేదు.

అదే కంపెనీ సెల్లారులో పాత మానిటర్ల గుట్ట ఒకటుండేది. పారెయ్యాలన్నా, అమ్మాలన్నా ముందు డీబాండింగు చెయ్యాలి, అంటే బాండు నుంచి విడిపించాలి. తరుగు పోను మిగిలిన విలువ మీద సుంకం కట్టాలి. కంప్యూటరు తరుగుకి నిబంధనల్లో లెక్క ఉంది - మొదటి ఏడాది మూణ్ణెల్లకి 10 శాతం, రెండో ఏడాది 8, మూడో ఏడాది 5, నాలుగు, అయిదు ఏళ్ళలో ఒక్కొక్క శాతం. కూడుకోండి, అయిదేళ్ళకి సరిగ్గా వంద. అయిదేళ్ళాగితే సుంకం సున్నా. రెండేళ్ళు వాడాక స్కూళ్ళకి ఉచితంగా ఇచ్చేసే వీలు కూడా ఉంది. ఇచ్చిన కంపెనీలూ ఉన్నాయి. మా వాళ్ళు మాత్రం ఆ కాగితాల ప్రయాసెందుకని అద్దె కట్టి మరీ దుమ్ము పట్టించారు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంతో 2005 నాటికి కంప్యూటర్ల మీద మూల సుంకమే సున్నా అయిపోయింది. మిగతా సుంకాలు, మిగతా సామాన్లు ఉన్నాయి కాబట్టి బాండు మాత్రం అలాగే ఉంది.

ఇక్కడే నాకు 1733 జనం గుర్తొస్తారు. అధికారులు చెడ్డవాళ్ళని కాదు. తాళంచెవి ఇంకొకడి దగ్గరున్నప్పుడు అతను లంచం అడగక్కర్లేదు, రేపు రమ్మంటే చాలు. మన సమయానికి అతను యజమాని అయిపోయాడు. రేవు గోడ దగ్గర ఆగాల్సిన తాళం మన ఆఫీసు బల్ల దాకా వచ్చేసింది. అలాగని వాల్పోల్ తప్పనీ అనలేను. ఈ ఏర్పాటే లేకపోతే, ఆ రోజుల్లో వంద శాతం సుంకం కట్టి కంప్యూటర్లు కొని కంపెనీ పెట్టగలిగినవాళ్ళు హైదరాబాదులో ఎంతమంది? నా జీతం, మీలో చాలామంది జీతం, ఆ అరువు మీద నిలబడ్డదే.

2016లో ఇదంతా మారింది. ఆ ఏడాది ఫైనాన్సు చట్టంతో 62వ సెక్షను ఎత్తేశారు. మామూలు బాండు గిడ్డంగులకి ఇక కస్టమ్స్ తాళం లేదు, ఆఫీసరు రోజూ రానక్కర్లేదు. తాళం యజమానిదే, లెక్క కంప్యూటర్లో యజమానే రాసుకోవాలి, అడిగినప్పుడు చూపించాలి. బాండు రెండింతల నుంచి మూడింతలైంది అప్పుడే. తాళం తీసేసినందుకు కాగితం బరువు పెంచారన్నమాట. అదే ఏడాది ఆగస్టు 13 నుంచి సాఫ్టువేరు పార్కు యూనిట్లకీ, ఎగుమతి యూనిట్లకీ గిడ్డంగి లైసెన్సు అవసరమే లేకుండా చేశారు. ఆ రోజు హైదరాబాదులో ఎవరూ దీపాలు పెట్టుకోలేదు. మన ఆఫీసులు గిడ్డంగులని తెలిస్తే కదా, కావని సంతోషించడానికి!

తాళం పూర్తిగా పోలేదు. కొన్ని సరుకులకి 58ఏ అనే కొత్త సెక్షను కింద ప్రత్యేక గిడ్డంగులున్నాయి - బంగారం, వెండి, విమానాలకీ ఓడలకీ ఎక్కించే సామాను, విమానాశ్రయాల్లో డ్యూటీ ఫ్రీ దుకాణాలకెళ్ళే సరుకు. వీటికి మాత్రం ఇప్పటికీ కస్టమ్స్ తాళమే, ఆఫీసరు వచ్చి తీస్తేనే తలుపు. ఈసారి శంషాబాదులో దిగి సీసా కొనుక్కునేటప్పుడు బిల్లు కేసి కాక, దాని వెనక ఎన్ని తాళాలు తెరుచుకున్నాయో ఒక్క క్షణం తలుచుకోండి. ఆ సీసా కూడా మీ చేతికొచ్చేదాకా దేశంలో ఉంది, దేశంలోకి రాలేదు.